కొండలు లేని చోట మౌంటెన్ సైకిల్: గోదావరి కాలువ గట్ల మీద మీ దారులు చెప్పండి

అనంతగిరి చక్రం (మండపేట), నవంబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరేళ్ళు హైదరాబాదులో ఉన్నాను. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి బాటల్లో సైకిల్ తొక్కడం అలవాటు. అందుకోసమే ముందు ఫోర్కుకు సస్పెన్షన్, గుబ్బల టైర్లు, డిస్కు బ్రేకులు ఉన్న మౌంటెన్ సైకిల్ కొనుక్కున్నాను. ఈ ఆగస్టులో ఉద్యోగం మారి మండపేట వచ్చాను. ఇక్కడ ఎటు చూసినా వరి చేలు, కొబ్బరి చెట్లు, కాలువలే. ఎత్తు ఎక్కాలంటే కాలువ మీద వంతెన ఎక్కాలి, అంతే.

సైకిల్ మూడు నెలలుగా గోడకు ఆనుకుని ఉంది. అమ్మేసి మామూలు సైకిల్ తీసుకోమని ఆఫీసులో అందరూ చెబుతున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. కాలువ గట్ల మీద తొక్కేవారు ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఆపుతారా? ఏ కాలంలో వెళ్ళాలి? దారులు తెలిసినవారు దయచేసి చెప్పండి.

పుంత బాట (తణుకు), నవంబరు 3, రాత్రి 10:15

అమ్మకండి. డెల్టాలో ఆ సైకిల్‌కు ఉన్నంత పని కొండల్లో కూడా ఉండదు.

ఇక్కడ చాలా కాలువలకు ఒక గట్టు మీద తారు రోడ్డు, రెండో గట్టు మీద మట్టి బాట ఉంటాయి. బస్సులు, ట్రాక్టర్లు తారు వైపు వెళతాయి. రెండో గట్టు మనది. దాని మీద నుంచి పొలాల్లోకి పుంతలు దిగుతాయి. పుంత అంటే వెనకటికి ఎడ్లబళ్ళు చేలల్లోకి వెళ్ళడానికి వదిలిన బాట. బండి చక్రాలు పోయి ఇప్పుడు ట్రాక్టరు చక్రాల గాళ్ళు పడ్డాయి. ఆ గాడిలో సన్నని టైరు పడితే ఇక బయటికి రాదు. మీ రెండంగుళాల టైరు అయితే అంచు ఎక్కి వచ్చేస్తుంది.

మరో సంగతి, గాలి. అనంతగిరిలో చెట్లు అడ్డం ఉంటాయి. ఇక్కడ కోసిన చేల మీదుగా వచ్చే ఎదురుగాలికి అడ్డమే లేదు. కొండ అయితే శిఖరం కనిపిస్తుంది, ఇంకెంత ఎక్కాలో తెలుస్తుంది. ఎదురుగాలికి శిఖరం ఉండదు. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. కాబట్టి పొద్దున్నే సముద్రం వైపు వెళ్ళి, గాలి వెన్నున పెట్టుకుని తిరిగి రండి. పదిహేనేళ్ళుగా నేను పాటించే ఒకే ఒక్క నియమం ఇది.

చక్రం సరిచేసేవాడు (రాజమహేంద్రవరం), నవంబరు 4, ఉదయం 7:05

నాకు సైకిల్ షాపు ఉంది కాబట్టి సామాను గురించి మాత్రం చెబుతాను.

మొదటి శత్రువు పల్లేరు కాయ. గట్టు మీద ఎండిన గడ్డిలో కనిపించదు, ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రెండోది సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరును దాటి ట్యూబు రెండో వైపుకు కూడా దిగుతుంది. ట్యూబు లేని టైరు వేయించుకుని లోపల చిల్లులు పూడ్చే సీలెంటు ద్రవం పోయించండి. పల్లేరు గుచ్చుకుంటే దారిలో పీకేయకండి. ముల్లు అక్కడే ఉంటే గాలి నెమ్మదిగా పోతుంది, ఇంటికి చేరవచ్చు.

గుబ్బల టైర్లు మార్చండి. మధ్యలో నునుపుగా, అంచుల్లో మాత్రమే గుబ్బలు ఉన్న టైరు ఈ నేలకు సరిపోతుంది. మన బంకమట్టి తడిగా ఉంటే లోతు గుబ్బల మధ్య ఇరుక్కుని, ఫోర్కుకు, చక్రానికి మధ్య ముద్దలా పేరుకుని, చివరకు చక్రం తిరగడమే మానేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే భాగం విరుగుతుంది. అలా విరిగినవి ఏటా నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. చక్రం బిగిసిందంటే దిగి, పుల్లతో మట్టి గోకి, సైకిల్ భుజాన వేసుకుని నడవడమే మార్గం.

సీటు సంగతి కూడా. కొండల్లో దిగేటప్పుడు నిలబడతాం, ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ దిగుడు లేదు. నాలుగు గంటలు కూర్చుని తొక్కుతూనే ఉండాలి. సీటు ఎత్తు సరిగా లేకపోతే ముందు మోకాలు చెబుతుంది. ప్రతి వంతెన దగ్గర కావాలని లేచి నిలబడి తొక్కండి.

లస్కరు గారి అబ్బాయి (ఆత్రేయపురం), నవంబరు 4, రాత్రి 8:30

"ఇక్కడ దిగుడు లేదు" అని పై సోదరులు రాశారు. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. దిగుడు ఉంది. నేల మీద కనిపించదు, లాకుల దగ్గర కనిపిస్తుంది.

మా నాన్నగారు కాలువల మీద లస్కరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. షట్టర్లు ఎత్తడం, దించడం, వర్షాకాలం రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని గట్టు పొడవునా తిరిగి ఎక్కడైనా గండి పడుతుందేమో చూడడం ఆయన పని. నా చిన్నతనమంతా గట్టు మీదే గడిచింది.

ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో పూర్తయ్యాయి. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట ఉండి పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు కూడా తలుచుకోవాలి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా లంకల మధ్య కట్టారు. ఇప్పుడు మనం దాటుతున్న 175 గేట్ల బ్యారేజీ 1982కి పూర్తయింది. అక్కడి నుంచి మూడు వ్యవస్థలుగా కాలువలు బయలుదేరతాయి: ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు.

ఈ కాలువలను సాగుకు ఎంత ఆలోచించి తవ్వారో పడవలకు కూడా అంతే ఆలోచించి తవ్వారు. పడవ నడవాలంటే నీటి ప్రవాహం వేగంగా ఉండకూడదు. కానీ ఆనకట్ట నుంచి సముద్రం దాకా నేల వాలుతూనే ఉంటుంది. అందుకని కాలువను దాదాపు సమంగా తీసుకెళ్ళి, మిగిలిన వాలునంతా ఒక్కచోటికి చేర్చి అక్కడ లాకు కట్టారు. పడవ లాకు గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసేవారు. గదిలోని నీళ్ళను తూముల గుండా కిందికి వదిలితే పడవ నీటితో పాటే మెల్లగా దిగేది. కింది కాలువ మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుచుకునేవి. ఎదురు వచ్చే పడవకు ఇదే తిరగేసి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. మీరు సైకిల్ తొక్కబోయే మట్టి బాట వాళ్ళ కాళ్ళు తొక్కిన బాట.

కాబట్టి బొబ్బర్లంక నుంచి కిందికి వెళుతుంటే ప్రతి లాకూ ఒక మెట్టు. లాకు పైన నీరు ఎక్కడుందో, కింద ఎక్కడుందో చూడండి. ఆ తేడాయే మీరు అప్పటిదాకా తెలియకుండా దిగివచ్చిన కొండ.

కొబ్బరితోట టీచర్ (అంబాజీపేట), నవంబరు 4, రాత్రి 9:10

లస్కరు గారి అబ్బాయి గారూ, మీ రాత మా అమ్మకు చదివి వినిపించాను. చిన్నప్పుడు పడవ మీద పెళ్ళికి వెళ్ళిన సంగతి, లాకు దగ్గర పడవ దిగుతుంటే భయపడి ఏడ్చిన సంగతి చెప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

అనంతగిరి గారికి కాలం గురించి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. ఇప్పుడు సార్వా (వానాకాలం వరి) కోతలు జరుగుతున్నాయి, రోడ్డు మీద, గట్టు మీద ధాన్యం ఆరబోస్తారు. ఎంత ఇరుకైనా ధాన్యం మీదుగా చక్రం పోనివ్వకండి. దిగి నడిపించుకుని వెళితే రైతులు ఎంతో ఆదరంగా మాట్లాడతారు. జనవరికి దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడతాయి, అప్పుడు రెండు వైపులా లేత ఆకుపచ్చ. ఏప్రిల్ తరువాత కాలువలు కట్టేస్తారు, పూడిక తీసి ఆ మట్టి గట్టు మీదే పోస్తారు. చక్రం సగం దిగబడుతుంది. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు.

జూలై, ఆగస్టుల్లో ఏటిగట్టు జోలికి వెళ్ళవద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు గట్టు మీద ఇసుక బస్తాలతో పనిచేసేవారికి దారి కావాలి.

పాముల సంగతి కూడా చెప్పాలి. కోతలప్పుడు ఎలుకల కోసం నాగుపాములు, రక్తపింజరలు గట్టు ఎక్కుతాయి. చీకటి పడ్డాక గడ్డిలో కాలు పెట్టకండి.

డొంకదారి (దుగ్గిరాల), నవంబరు 5, మధ్యాహ్నం 1:20

మీరు పుంత అంటున్నది మా కృష్ణా డెల్టాలో డొంక. మాటను బట్టి మనిషి ఏ నది నీళ్ళు తాగాడో చెప్పవచ్చు.

గోదావరి గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి మా వైపు కూడా ఒకసారి రమ్మని పిలుస్తున్నాను. బెజవాడలో కృష్ణ మీద పాత ఆనకట్ట 1855కి పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. తూర్పు వైపు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. పడమర వైపు సీతానగరం నుంచి బయలుదేరే ప్రధాన కాలువ మా దుగ్గిరాల మీదుగా వస్తుంది, మా ఊళ్ళోనూ లాకులు ఉన్నాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. అటు ఏలూరు కాలువ గోదావరి పశ్చిమ కాలువతో ఏలూరులో కలుస్తుంది. అంటే ఒకప్పుడు కాకినాడలో పడవ ఎక్కినవాడు నీటి మీదే మద్రాసు చేరగలిగేవాడు. ఆ దారంతా సైకిల్ మీద వెళ్ళాలన్నది నా కోరిక. పెదగంజాం దాకా ముక్కలు ముక్కలుగా పూర్తిచేశాను. ఊళ్ళ దగ్గర గట్టు ఆక్రమణల్లో మాయమవుతుంది, తారు రోడ్డు ఎక్కి మళ్ళీ వెతుక్కోవాలి. అది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

హార్లెం నుంచి (నెదర్లాండ్స్, సొంత ఊరు భీమవరం), నవంబరు 5, రాత్రి 11:50

ఈ చర్చ చదువుతూ నిద్రపోలేకపోయాను. నేను వారానికి మూడు రోజులు కాలువ గట్టు మీదే సైకిల్ తొక్కుతాను. మా ఊరి పక్కన హార్లెమ్మర్‌మేర్ అని ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. దాని చుట్టూ వలయంగా కాలువ తవ్వి, ఆవిరి యంత్రాలతో నీళ్ళన్నీ తోడి అందులో పోశారు. సరస్సు పూర్తిగా ఎండినది 1852లో, అంటే సరిగ్గా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాది. అక్కడ పొలాలకు నీళ్ళు తేవడానికి, ఇక్కడ పొలం కోసం నీళ్ళు బయటికి పంపడానికి, ఒకే కాలంలో మనుషులు మట్టి మోశారు. ఇప్పుడు ఆ సరస్సు అడుగునే ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం ఉంది. దాదాపు 60 కిలోమీటర్ల వలయ కాలువ చుట్టూ సైకిల్ తొక్కవచ్చు. కాలువలో నీరు మన భుజం ఎత్తున, పొలాలు కింద పల్లంలో.

తాడుతో పడవ లాగే బాటలు ఇక్కడా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్, హార్లెం మధ్య అలాంటి కాలువ 1632 నాటిది. లాగింది గుర్రాలు. 1839లో అదే రెండు ఊళ్ళ మధ్య ఈ దేశపు మొదటి రైలు వచ్చి పడవలను మింగేసింది.

ఇక్కడ ఒక ఏర్పాటు నాకు చాలా ఇష్టం. దారులు కలిసే ప్రతి చోట ఒక అంకె రాసిన బోర్డు ఉంటుంది. 14, 27, 63 అని కాగితం మీద రాసుకుని బయలుదేరితే చాలు, పటం అక్కరలేదు. మన కాలువలకు అలా ఎవరైనా చేస్తే బాగుండును.

లస్కరు గారి అబ్బాయి (ఆత్రేయపురం), నవంబరు 6, ఉదయం 6:30

అంకెలు లేకపోయినా మనకు లాకుల పేర్లు, తూముల పేర్లు ఉన్నాయి. గట్టు మీద ఎవరినైనా తూము పేరు చెప్పి అడగండి, చెయ్యి చూపిస్తారు.

"పొలాలు కింద, కాలువ పైన" అని మీరు రాసినది ఇక్కడ కూడా నిజం. నీళ్ళు తమంతట తాము చేలలోకి దిగాలి కాబట్టి పంట కాలువను మెరక మీద తవ్వారు. మురుగు కాలువ పల్లంలో ఉంటుంది. వాన పడిన మర్నాడు పంట కాలువ గట్టు ముందు ఆరుతుంది, మురుగు కాలువ గట్టు నాలుగు రోజులు బురదగానే ఉంటుంది. దారి ఎంచుకునేటప్పుడు అది ఏ కాలువో మొదట కనుక్కోండి.

ఇది మాత్రం అందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. తడి గట్టు మీద తొక్కకండి. చక్రం గాడి పడితే ఆ గాడిలో వాన నీరు నిలిచి, దారి చేసుకుని, పక్కకు కోసుకుంటూ పోతుంది. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొరియ, చక్రం గాడి, మూడూ గండికి తోడు. ఎక్కడైనా గట్టు కింద నీరు ఊరుతూ కనిపిస్తే ఆగి దగ్గరి లస్కరుకు చెప్పండి.

అనంతగిరి చక్రం (మండపేట), నవంబరు 24, రాత్రి 8:00

మూడు వారాలు మౌనంగా ఉన్నందుకు క్షమించండి. టైర్లు మార్పించాను, సీలెంటు పోయించాను, నిన్న వెళ్ళి వచ్చాను. అంతా రాస్తాను.

ధవళేశ్వరం దాకా సైకిల్‌ను ఆటోలో తీసుకెళ్ళి, ఆరు గంటలకు బ్యారేజీ ఎక్కాను. మంచు. ఎడమ చేతి వైపు నది ఉందని చప్పుడు వల్లనే తెలిసింది. బొబ్బర్లంకలో కాలువ గట్టు ఎక్కేసరికి ఎండ వచ్చింది. మొదటి గంట నాకేమీ అర్థం కాలేదు. అనంతగిరిలో ప్రతి మలుపూ ఒక పరీక్ష. ఇక్కడ నేరుగా నీరు, నేరుగా బాట, అదే కొబ్బరి వరుస. దూరం తరగడం లేదనిపించింది.

లొల్ల లాకుల దగ్గర ఆగాను. లస్కరు గారి అబ్బాయి చెప్పినట్టు పైన నిలబడి ఇటు నీటిమట్టం, అటు నీటిమట్టం చూశాను. పైన నీరు కదలకుండా నిండుగా ఉంది. కింద నురగ కక్కుతూ కాలువలు చీలిపోతున్నాయి. నేను గంటసేపు దిగుతూనే వచ్చానని నా కాళ్ళకు తెలియలేదు, నీటికి తెలుసు. ఆ తరువాత దారి మారలేదు గానీ నా చూపు మారింది. చిన్న తూము దగ్గర కూడా ఆగి, నీరు ఎటు పోతోందో, ఏ చేను ముందు తాగుతోందో చూస్తూ వెళ్ళాను. వంద మీటర్లకు ఒకసారి ఆగినట్టున్నాను.

ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద పూతరేకులు చేస్తున్న అమ్మగారు బోర్లించిన వేడి కుండ మీద పిండిలో తడిపిన గుడ్డను ఒక్కసారి లాగి రేకు తీయడం చూశాను. చేతికి ఒకటి పెట్టారు, డబ్బు తీసుకోలేదు.

రావులపాలెం దాటాక పొరపాటు చేశాను. గుర్రపుడెక్క పేరుకున్న కాలువ పక్కన బాట బాగుందని దిగాను. అది మురుగు కాలువ. అర కిలోమీటరు తరువాత చక్రం ఆగిపోయింది. పుల్లతో గోకడానికే ఇరవై నిమిషాలు పట్టింది. చేను కోస్తున్న ఒక రైతు వచ్చి, పంపు దగ్గర చక్రాలు కడగనిచ్చి, "అబ్బాయ్, మెరక గట్టు అదిగో" అని చూపించారు. రెండు పల్లేరు కాయలు గుచ్చుకున్నాయి, గాలి పోలేదు.

సాయంత్రానికి పి. గన్నవరం. ఇంతవరకూ నాకు తెలియనిది ఇది: వైనతేయ నది మీదుగా కాలువ వెళుతోంది. కింద నది, పైన కాలువ. పక్కనే పాత అక్విడెక్టు కమానులు. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. దారిన పోయేవారికి ఏ వేళకైనా అన్నం పెట్టిన తల్లి పేరు, ఒక దీవికి నీళ్ళు మోసే కట్టడానికి పెట్టడం నాకు చాలా సరైనదనిపించింది. అక్కడే చీకటి పడేదాకా కూర్చున్నాను.

కొబ్బరితోట టీచర్ (అంబాజీపేట), నవంబరు 24, రాత్రి 8:45

ఆ పాత కమానులు 49. ఆనకట్ట కట్టిన కాలంలోనే లెఫ్టినెంట్ హేగ్ కట్టించారు. నగరం అనే దీవికి గోదావరి నీళ్ళు అందింది దాని వల్లనే. ఏటా మా పిల్లలను తీసుకెళ్ళి ఒక్కొక్క కమాను లెక్కపెట్టిస్తాను. ఈసారి ఇంత దూరం వచ్చి మా ఇంటికి రాకుండా వెళ్ళారు. మళ్ళీ వస్తే అన్నం ఇక్కడే.

పుంత బాట (తణుకు), నవంబరు 24, రాత్రి 9:20

మిగిలిన సగం దారి నేను చూపిస్తాను. గన్నవరం నుంచి రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి, అక్కడ పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటితే నరసాపురం. నరసాపురంలో రైలు ఉంది. పంటు తిరుగుతోందో లేదో రేవులో ముందే కనుక్కోవాలి, లేకపోతే దిండి దగ్గరి చించినాడ వంతెన మీదుగా రావాలి. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ గాలి ముఖాన కొడుతుంది. ఇద్దరం ఉంటే ఒకరి వెనక ఒకరం మారుతూ తొక్కవచ్చు, శ్రమ తగ్గుతుంది.

డొంకదారి (దుగ్గిరాల), నవంబరు 24, రాత్రి 9:50

నేనూ వస్తాను. రాత్రి రైలుకు సైకిల్ వేసుకుని రాజమహేంద్రవరంలో దిగుతాను.

అనంతగిరి చక్రం (మండపేట), నవంబరు 24, రాత్రి 10:05

అయితే డిసెంబరు రెండో ఆదివారం. ఆరున్నరకు లొల్ల లాకుల దగ్గర కలుద్దాం. ముందు రెండు రోజుల్లో వాన పడితే వాయిదా, తడి గట్టు ఎక్కవద్దు. లస్కరు గారి అబ్బాయి గారూ, మీరు తప్పకుండా రావాలి.

లస్కరు గారి అబ్బాయి (ఆత్రేయపురం), నవంబరు 25, ఉదయం 5:55

వస్తాను. నాన్నగారికి మీ రాత చదివి వినిపించాను. నురగ కక్కుతోందని రాశారే, ఆ రోజు ఎన్ని షట్టర్లు ఎత్తారని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆయన కూడా వస్తానంటున్నారు, స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకువస్తాను. పడవల కోసం లాకు తలుపులు ఎక్కడి నుంచి తిప్పేవారో ఆయనే నిలబడి చూపిస్తారట.